విశాఖ సమాధి రాయి నుంచి ఇంగ్లిష్ పల్లె దాకా

విశాఖ పాతనగరంలోని యూరోపియన్ సమాధుల మీద ఎక్కడైనా ఇంగ్లండు పల్లె పేరు కనిపిస్తే, ఆ ఊరి చరిత్ర ఇంట్లో కూర్చునే తవ్వొచ్చు. ముందు కౌంటీ (మన జిల్లా లాంటిది) ఖాయం చేసుకోండి. మన కొత్తపాలెంలాగే అక్కడా ఒకే పేరుతో ఊళ్లు బోలెడు.

1851 జనగణనతో మొదలుపెట్టండి. 1841 దాంట్లో పెద్దవాళ్ల వయసు ఐదు చొప్పున కిందికి దించి రాశారు. 39 ఏళ్ల మనిషి 35 అయిపోతాడు. పుట్టిన ఊరి పేరూ ఉండదు. వృత్తి గడిలో ‘ఏజీ ల్యాబ్’ అంటే వ్యవసాయ కూలీ.

ఇంకా వెనక్కి వెళ్లాలంటే బాప్టిజాలు, పెళ్లిళ్లు, ఖననాలు రాసే చర్చి రిజిస్టర్లే. 1538లోనే పెట్టమన్నారు గానీ, అన్ని ఊళ్లలో అప్పటివి మిగల్లేదు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 1752కి ముందు అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1710 ఫిబ్రవరి అని రాసి ఉంటే మన లెక్కలో అది 1711. చూసుకోకపోతే జూన్‌లో పెళ్లయిన జంటకి ఫిబ్రవరిలోనే బిడ్డ పుట్టేసినట్టు కనిపిస్తుంది!

రోజువారీ బతుకుకి మాత్రం 1836 చట్టం తర్వాత గీసిన టైథ్ (చర్చికి కట్టే పదో వంతు పన్ను) మ్యాపులు, వాటితో ఉండే జాబితాలే బంగారం. దాదాపు మన అడంగలే: నంబరు, పొలం పేరు, యజమాని, సాగుదారు, దున్నే నేలా పచ్చికా అన్నీ ఉంటాయి. విస్తీర్ణం ఎకరాలు, రూడ్‌లు, పెర్చ్‌లలో రాస్తారు. రూడ్ అంటే మన 25 సెంట్లు. అందులో 40 పెర్చ్‌లు.