కళ్లు పొడిబారితే కాపడం పెట్టే పద్ధతి

కంట్లో ఇసుక పడ్డట్టు గరగర, సాయంత్రానికి మంట, గాలి తగిలితే ధారగా నీళ్లు. నీళ్లు కారుతుంటే పొడి కళ్లేమిటని కొట్టిపారేయకండి. కంటిపై కన్నీటి పొర నిలవక కన్ను రేగి కార్చే నీళ్లవి. చాలామందిలో లోపం రెప్పల అంచునున్న నూనె గ్రంథులది. నూనె గడ్డకడితే కన్నీరు త్వరగా ఆవిరైపోతుంది.

అందుకే ముందు కాపడం. శుభ్రమైన గుడ్డను సుమారు 40 డిగ్రీల నీళ్లలో (మణికట్టు హాయిగా ఓర్చుకునేంత వేడి) ముంచి పిండి, మూసిన రెప్పలపై 5 నుంచి 10 నిమిషాలు ఉంచండి. పొరపాటంతా ఇక్కడే: గుడ్డ రెండు నిమిషాలకే చల్లారుతుంది, మళ్లీ మళ్లీ ముంచకపోతే నూనె కరగదు. తర్వాత పైరెప్పను కిందికి, కిందిరెప్పను పైకి వేలితో మెల్లగా నిమరండి. కనుగుడ్డును నొక్కొద్దు. రోజుకు రెండుసార్లు, కొన్ని వారాలపాటు చేస్తేనే తేడా తెలుస్తుంది.

కార్బాక్సీమిథైల్‌సెల్యులోజ్ 0.5 శాతం చుక్కలు (కంటిని తడిగా ఉంచే కృత్రిమ కన్నీరు) ఒక్కోసారి ఒక్కటి చాలు. రోజుకు నాలుగుసార్లు దాటితే ప్రిజర్వేటివ్ (చుక్కలు పాడవకుండా కలిపే రసాయనం) లేనివి అడగండి. ప్రిజర్వేటివే కంటిని రేపుతుంది. ఎరుపు తగ్గించే చుక్కలు వద్దు, మానగానే ఎరుపు తిరగబెడుతుంది. మందుల షాపువాళ్లిచ్చే స్టిరాయిడ్ చుక్కలైతే అసలే వద్దు, కంటి ఒత్తిడి పెరగొచ్చు.

నొప్పి ఎక్కువైనా, చూపు తగ్గినా, వెలుతురు చూడలేకపోయినా అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. నోరు ఎండిపోవడం, కీళ్లనొప్పులు కూడా ఉంటే ఆ మాటా చెప్పండి. షోగ్రెన్ వ్యాధేమో (ఒంటి రోగనిరోధక శక్తే కన్నీటి, లాలాజల గ్రంథులను దెబ్బతీసే జబ్బు) పరీక్షిస్తారు.