స్కానింగ్‌లో పేగు మెడకు చుట్టుకుందన్నారా? కాన్పు దాకా ఏం చేయాలి, పుట్టాక ఏం చూడాలి

మా చెల్లెలి ఎనిమిదో నెల స్కానింగ్ రిపోర్టు అడుగున ఒక్క ముక్క రాసి ఉంది: "సింగిల్ లూప్ ఆఫ్ కార్డ్ అరౌండ్ నెక్". అంటే బొడ్డుతాడు, మనం పేగు అనేది, బిడ్డ మెడకు ఒక చుట్టు చుట్టుకుందని. ఆ అర్థం చెప్పగానే మా అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. బిడ్డ మెడకు ఉరి పడిందనే అనుకుంది. మీ చేతికీ అలాంటి రిపోర్టు వస్తే వరసగా ఇలా చేయండి.

1. ముందు ఉరి అన్న మాట మరిచిపోండి

కడుపులో బిడ్డ గొంతుతో గాలి పీల్చదు. దాని ఊపిరితిత్తుల్లో ఉండేది నీరే. ప్రాణవాయువంతా మాయ నుంచి బొడ్డుతాడులోని రక్తంతోనే అందుతుంది. అందుకే మెడ బిగిసిందా అని కాక, తాడు నలుగుతోందా అని చూడాలి. అది అంత తేలిగ్గా నలగదు. సుమారు 50, 60 సెంటీమీటర్ల ఆ తాడులో మూడు రక్తనాళాలుంటాయి, వాటి చుట్టూ లేత ముంజెలాంటి జిగురు మెత్తలా కాపాడుతుంటుంది. పుట్టే నలుగురైదుగురిలో ఒకరికి పేగు మెడలో ఉంటుంది. చాలామంది తల్లులకు కాన్పయ్యాక కూడా ఆ సంగతి తెలీదు.

పక్క మార్చేటప్పుడు లేచి కూర్చుని తిరక్కపోతే పేగు చుట్టుకుంటుందంటారు పెద్దవాళ్లు. అలాంటిదేమీ లేదు. బిడ్డే తిరుగుతూ చుట్టుకుంటుంది, తిరుగుతూ విడిపించుకుంటుంది కూడా.

2. డాక్టరుగారిని ఈ నాలుగూ అడగండి

ఎన్ని చుట్లున్నాయి? బిడ్డ నెలలకు తగ్గట్టు ఎదుగుతోందా? ఉమ్మనీరు సరిపడా ఉందా? గుండె చప్పుడు ఎలా ఉంది? ఇవన్నీ బాగుంటే, ఒక్క చుట్టు ఉందన్న కారణానికే ఆపరేషన్ అక్కర్లేదు. ఈ మాట గట్టిగా ఎందుకంటున్నానంటే, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సిజేరియన్లు 21.5 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. "పేగు మెడలో ఉందమ్మా" అనగానే సంతకం పెట్టేసే ముందు "గుండె చప్పుడులో ఏమైనా తేడా కనబడిందా అండీ?" అని ఒక్కసారి అడగండి.

3. కదలికలు లెక్కపెట్టండి

రోజూ ఒకే వేళకు, తిన్నాక, ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకుని లెక్కించాలి. రెండు గంటల్లో 10 కదలికలు తెలియాలి. తెలియకపోతే, లేదా రోజూ ఆడినట్టు ఆడటం లేదనిపిస్తే, తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్లండి.

4. నొప్పుల్లో గుండె చప్పుడే ఆధారం

మామూలుగా నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉంటుంది. నొప్పి వచ్చినప్పుడు తాడు కాస్త నలిగి చప్పుడు తగ్గుతుంది, నొప్పి పోగానే మళ్లీ పుంజుకుంటుంది. తల్లిని పక్కకు తిప్పి పడుకోబెడితే చాలాసార్లు అదే సర్దుకుంటుంది. పదే పదే బాగా పడిపోయి తేరుకోకపోతే అప్పుడు ఆపరేషన్ మాట నిజంగా అవసరమే, తటపటాయించకండి.

5. పుట్టే క్షణంలో

ఇది మీ చేతుల్లో లేని పని, కానీ తెలిసుంటే ధైర్యం. తల బయటికి రాగానే నర్సు బిడ్డ మెడ చుట్టూ వేలితో తడిమి చూస్తుంది. పేగు వదులుగా ఉంటే దండ తీసినట్టు తలమీదుగా తీసేస్తుంది. కాస్త బిగువుగా ఉంటే బిడ్డ తలను తల్లి తొడకు ఆనించి, ఒంటిని పిల్లిమొగ్గలా తిప్పి బయటికి తెచ్చాక విప్పుతుంది. భుజాలు రాకముందే కోయడం ఇక గత్యంతరం లేనప్పుడే. కోశాక భుజాలు ఇరుక్కుంటే బిడ్డకు అందే రక్తం అక్కడితో ఆగిపోయినట్టే.

ఇంకో సంగతి. బిడ్డకు రక్తం తెచ్చే సిర గోడ పలచన, అందుకే అది ముందు నలుగుతుంది. తీసుకెళ్లే ధమనులు గట్టివి, అవి పనిచేస్తూనే ఉంటాయి. దాంతో బిడ్డ రక్తం కొంత మాయలో ఉండిపోయి, పుట్టగానే పాలిపోయి కనబడొచ్చు. బిడ్డ బాగా ఏడుస్తుంటే పేగు కోయడానికి 1 నుంచి 3 నిమిషాలు ఆగితే ఆ రక్తం తిరిగి చేరుతుంది. ఏడవకపోతే మాత్రం తుడిచి, వీపు రుద్ది, అప్పటికీ ఊపిరి తీసుకోకపోతే మొదటి నిమిషంలోనే మాస్కుతో గాలి అందించాలి.

6. పుట్టాక ఏం చూడాలి

ముఖం మాత్రమే కమిలి, ఒళ్లు గులాబీ రంగులో ఉంటే కంగారు వద్దు. మా మేనల్లుడి ముఖం నేరేడుపండే! ముఖం మీద సన్నటి ఎర్రచుక్కలు, కంటి తెల్లగుడ్డులో ఎర్రమచ్చ కొన్నాళ్లలో పోతాయి. మొదటి నిమిషంలో ఆప్గార్ మార్కులు (పుట్టగానే బిడ్డ రంగు, ఊపిరి, గుండె చప్పుడు లాంటివి చూసి వేసేవి) తగ్గినా, చాలామంది ఐదో నిమిషానికి కోలుకుంటారు. నాలుక, పెదవులు నీలంగా ఉన్నా, ఒళ్లు తోటకూర కాడలా వేలాడినా, పాలు పట్టకపోయినా, ఫిట్స్ వచ్చినా వెంటనే పిల్లల డాక్టరుకు చూపించాలి. ఇంటికొచ్చాక అయితే 108కి ఫోన్ చేయండి.

7. మేనమామ సంగతి

పేగు మెడలో వేసుకుని పుడితే మేనమామకు గండమనీ, నూనెలో నీడ చూశాకే బిడ్డ ముఖం చూడాలనీ అంటారు. ఆ తంతు ఎప్పుడైనా చేసుకోవచ్చు. దానికోసం మొదటి గంటలో పట్టాల్సిన తల్లిపాలు మాత్రం ఆపొద్దు. ఆ మేనమామని నేనే. ఆస్పత్రి వరండాలోనే వాడి ముఖం చూసేశాను. పదకొండో రోజు అమ్మ మాట కాదనలేక కంచు గిన్నెలోకి వంగితే, నువ్వుల నూనెలో వాడు ఇంత నోరు తెరిచి ఆవలిస్తున్నాడు.