బిగిసిపోయిన ట్యూనింగ్ నాబ్: పాత హామ్ సెట్టుని పాడు చేయకుండా వదులు చేయడం

మా కోనసీమలో అటకల మీంచి దించిన పాత హామ్ సెట్లకి (అభిరుచి కొద్దీ లైసెన్సుతో మాట్లాడుకునేవాళ్ల రేడియోలకి) దాదాపు ఒకటే జబ్బు. పవర్ వస్తుంది, స్పీకర్‌లో హోరు వినిపిస్తుంది, ట్యూనింగ్ నాబ్ మాత్రం కదలదు. అమలాపురంలో నా బల్ల మీదికి ఎక్కువగా వచ్చేవి 1970ల నాటి కెన్‌వుడ్ టీఎస్-520, యాసు ఎఫ్‌టీ-101. రెండూ గట్టి సెట్లే. నాబ్ బిగిసిందని వాటిని పాత సామానుకి వేసేస్తుంటే నాకు మనసు ఒప్పదు. లోపల లోహం అరిగిపోవడం చాలా అరుదు. అడ్డం పడేది గ్రీజు.

గ్రీజంటే నూనె, దాన్ని పట్టి ఉంచే సబ్బు లాంటి పదార్థం. ఏళ్లు గడిచేకొద్దీ నూనె ఆరిపోతుంది, సబ్బు మిగిలి ముదురు పాకంలా గేర్లకి అంటుకుపోతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు సెట్లయితే ఉప్పుగాలికి ఇత్తడి మీద చిలుము కూడా తోడవుతుంది. అలాంటప్పుడు నాబ్‌ని బలంగా తిప్పితే సన్నని గేరు పన్ను వంగుతుంది, లేదా వేరియబుల్ కెపాసిటర్ (నాబ్ తిప్పితే ఒకదాని మధ్యకి ఒకటి దూరే రేకుల భాగం) షాఫ్ట్ పక్కకి జరిగి రేకులు ఒకదానికొకటి తగులుతాయి. ఆ గేరు కొత్తది దొరకదు, ఇంకో చచ్చిన సెట్టు నుంచి తీయాల్సిందే.

నూనె పోయడం అంతకంటే చేటు. తుప్పు వదిలించే స్ప్రేలు రేకుల మధ్యకీ డయల్ మీదికీ పాకి దుమ్ము పట్టే పొర మిగులుస్తాయి. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె వేసిన సెట్లు కూడా చూశాను. డిసెంబరు చలికి అది పేరుకుంటుంది, ఏడాది తిరిగేసరికి జిగురవుతుంది. పాత గ్రీజు మీద ఏ నూనె వేసినా గట్టి పేస్టే తయారవుతుంది. ముందు పాతది పూర్తిగా పోవాలి.

మూత తీసే ముందు ప్లగ్ పీకండి. ఈ సెట్ల ఫైనల్ వాల్వులకి, అంటే సిగ్నల్‌ని బలంగా బయటికి పంపే గాజు గొట్టాలకి, వందల వోల్టులు వెళ్తాయి. ఆ కరెంటు నిల్వ ఉండే కెపాసిటర్లని ఖాళీ చేయాల్సిన రెసిస్టర్ ఇన్నేళ్లలో కాలిపోయి ఉండొచ్చు, అందుకని కాసేపు ఆగితే సరిపోతుందని నమ్మొద్దు. ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఇన్సులేషన్ ఉన్న ప్రోబ్‌కి పది కిలో ఓముల పది వాట్ల రెసిస్టర్ కట్టి డిశ్చార్జ్ చేయండి. మీటరుతో సున్నా చూశాకే లోపల చెయ్యి పెట్టండి.

ముందు నాబ్ ఊడదీయండి. పక్కనున్న చిన్న స్క్రూ వదులు చేస్తే వస్తుంది. వెనకాల ఫెల్ట్ వాషర్ ఉంటే మా తేమకి అది ఉబ్బి ప్యానెల్‌ని పట్టేస్తుంది. ఒక్కోసారి రిపేరు అక్కడితోనే అయిపోతుంది. ఇంకో మాట, జపాన్ సెట్ల స్క్రూ తలలు మన మామూలు స్టార్ డ్రైవరుకి సరిగ్గా కూర్చోవు, నలిగిపోతాయి. జేఐఎస్ (జపాన్ ప్రమాణం) డ్రైవర్ ఒకటి కొనుక్కోండి.

తర్వాత బిగిసింది ఎక్కడో పట్టుకోవాలి. అసలు పనితనం ఇక్కడే ఉంది. డయల్ అంకె, రేకుల స్థానం ఫోటో తీసుకుని గేర్ల మీద పెన్నుతో గుర్తులు పెట్టండి. గేర్లకీ కెపాసిటర్‌కీ మధ్య కప్లింగ్ (రెండు షాఫ్టుల్నీ కలిపే ముక్క) ఉంటే దాని స్క్రూలు వదులు చేసి రెండు వైపులా విడివిడిగా వేలితో తిప్పి చూడండి. కెపాసిటర్ హాయిగా తిరిగితే దాని జోలికి వెళ్లొద్దు. నాబ్ కొంచెం తిరిగి స్ప్రింగులా వెనక్కి వస్తే గ్రీజు కాదు, ఏదో భాగం వంగి తగులుతోందన్నమాట. నాబ్ సులువుగా తిరిగి డయల్ కదలకపోతే స్క్రూ వదులైంది, లేదా బాల్ డ్రైవ్ (చిన్న గోళీల పట్టుతో తిప్పే భాగం) జారుతోంది. రాజోలు నుంచి ఈమధ్య వచ్చిన 520లో గ్రీజు బాగానే ఉంది, పెద్ద గేరుకీ ఛాసిస్‌కీ మధ్య కందిరీగ మట్టి గూడు కట్టింది. దాన్ని తడపకుండా పొడిగానే గీకి, బ్రష్‌తో దులిపి తీశాను.

గీకడానికి నేను వాడేది కొబ్బరి ఈనె. చివర చెక్కితే గేరు పళ్ల మధ్యకి సరిగ్గా వెళ్తుంది, ఇత్తడి మీద గీత పడదు. సెల్‌ఫోన్ రిపేరు షాపుల్లో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్ బడ్ ముంచి గేరు మీద అద్దండి, పావుగంట ఆగండి, గీకండి, తుడవండి. బడ్ తెల్లగా వచ్చేదాకా ఇదే పని. ఓపిక కావాలి. మరీ మొండిగా ఉంటే హెయిర్ డ్రయ్యర్‌తో గేరుని గోరువెచ్చగా చేస్తే గ్రీజు మెత్తబడుతుంది. వీఎఫ్ఓ (ఫ్రీక్వెన్సీని నిర్ణయించే భాగం) దగ్గరికి మాత్రం ఆ వేడి గాలి గానీ పెట్రోలు గానీ పోనివ్వకండి. అక్కడ పాలిస్టైరీన్ కెపాసిటర్లు ఉండొచ్చు, అవి పెట్రోలుకి కరిగిపోతాయి, వేడికి ముడుచుకుపోతాయి. డయల్ అంకెల మీద ఆల్కహాల్ కూడా పడకూడదు, రంగు లేచిపోతుంది.

రెండు పలకలు, మధ్యలో స్ప్రింగు ఉన్న జంట గేరు కనిపిస్తే విప్పకండి. నాబ్‌కి వదులు లేకుండా చూసేది ఆ స్ప్రింగు బిగువే. తప్పనిసరిగా విప్పాల్సివస్తే ముందు రెండు పలకల్నీ సన్నని తీగతో కట్టేయండి. మళ్లీ ఎక్కించేటప్పుడు ఒకటి రెండు పళ్ల బిగువు ఉండేలా చూడండి.

ఆల్కహాల్ పూర్తిగా ఆరాక గేరు పళ్లకి సన్నని సింథటిక్ గ్రీజు పూత చాలు. షాఫ్ట్ బేరింగులకి కుట్టుమిషన్ నూనె, సూది కొసన ఒక్క చుక్క. బాల్ డ్రైవ్‌కి ఇంకా తక్కువ పెట్టండి, అది పట్టు మీదే నడుస్తుంది, గ్రీజు ఎక్కువైతే జారుతుంది.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, 1996 నవంబరు 6 తుపానుకి ఇక్కడ కరెంటు స్తంభాలు, టెలిఫోన్ స్తంభాలు కలిసే కూలాయి. ఒక బ్యాటరీ, రెండు కొబ్బరిచెట్ల మధ్య ఒక తీగ ఉంటే చాలు, హెచ్ఎఫ్ (షార్ట్‌వేవ్) సెట్టు జిల్లాలు దాటి మాట్లాడుతుంది. 520కి 12 వోల్టుల కన్వర్టర్ కూడా ఉండాలనుకోండి. అలాంటి సెట్టు ఎండిన గ్రీజు వల్ల మూలన పడి ఉండకూడదు.

నాబ్ ఎక్కించేటప్పుడు వెనకాల పోస్టుకార్డు మందం ఖాళీ వదిలి స్క్రూ బిగించండి. సెట్టు ఆన్ చేసి అరగంట వేడెక్కనిచ్చి, 25 కిలోహెర్ట్జ్ క్యాలిబ్రేటర్ (సెట్టులోనే ఉండే పరీక్ష సిగ్నల్) వేసి డయల్ ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా తిప్పండి. డయల్ మీద ప్రతి 25 కిలోహెర్ట్జ్‌కీ ఒకసారి టోన్ రావాలి. ఎక్కడైనా ఫ్రీక్వెన్సీ గెంతితే కెపాసిటర్ రోటార్‌ని (తిరిగే రేకుల్ని) తాకే స్ప్రింగు పట్టీ దగ్గర మురికి ఉన్నట్టు. అక్కడ కాంటాక్ట్ క్లీనర్ చిన్న బ్రష్‌తో పెట్టండి, స్ప్రే కొట్టొద్దు. ట్రాన్స్‌మిట్ చేసి చూడటం ఇవన్నీ అయ్యాకే, అదీ డమ్మీ లోడ్ (ఏరియల్‌కి బదులు తగిలించే రెసిస్టర్) మీద.