గూఢచారి పగ కథ రాస్తున్నారా? ముందు తుపాకీ తీసేయండి

రిటైరైన గూఢచారి. ఆయనకు కావలసినవాళ్లెవరో ఆన్‌లైన్ మోసంలో ఉన్నదంతా పోగొట్టుకున్నారు. పగ తీర్చుకోవడానికి ఆయన బయల్దేరతాడు. ఈ ఇతివృత్తంతో నేను చదివిన రాతప్రతుల్లో మూడో పేజీకే తుపాకీ పేలుతుంది. గూఢచారి విద్య కాల్చడం కాదండీ, మనుషుల్ని మచ్చిక చేసుకోవడం. ఎవడు అప్పుల్లో ఉన్నాడు, ఎవడు పైవాడి మీద లోలోపల రగిలిపోతున్నాడు అన్నది పసిగట్టగలిగినవాడికి తలుపులు పగలగొట్టే పనేముంది?

మోసం ఎలా జరిగిందో ముందు పూర్తిగా రాసుకోండి. 'ఖాతా హ్యాక్ అయింది' అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎవరూ నమ్మరు. రీఫండ్ మోసమే తీసుకోండి. స్క్రీన్ మీద వైరస్ హెచ్చరిక, కింద ఫోన్ నంబరు. ఫోన్ చేస్తే మర్యాదగా మాట్లాడే కుర్రాడొకడు దూరం నుంచే మన కంప్యూటర్‌ను నడిపించే ఎనీడెస్క్ లాంటి యాప్ వేయిస్తాడు. రీఫండ్ ఇస్తానంటూ బ్యాంకు పేజీ తెరిపించి, బ్రౌజర్‌లోనే అంకెలు మార్చేస్తాడు. 200 రావాల్సిన చోట 20,000 కనిపిస్తుంది. నిజానికి ఖాతాలోకి వచ్చిందేమీ లేదు. 'పొరపాటున ఎక్కువ పంపాను, నా ఉద్యోగం ఊడుతుంది' అని ఏడుస్తాడు. జాలిపడి వెనక్కి పంపినవాళ్లు పోగొట్టుకునేది సొంత డబ్బే. ఆ జాలిని వదలకండి. అత్యాశకు పోయి మోసపోయారని రాస్తే మీ హీరో కోపం సగం చల్లారిపోతుంది.

డబ్బు కమిషన్‌కు అద్దెకిచ్చిన ఖాతాల్లోకి పోయి, ముక్కలై, బిట్‌కాయిన్ లాంటి క్రిప్టో కరెన్సీగా మారుతుంది. 'ఇక దొరకదు' అని మాత్రం రాయకండి. బిట్‌కాయిన్ లావాదేవీలు ఎవరైనా చూడొచ్చు, పేర్లే ఉండవు. పేరు ఉండేది దాన్ని నగదుగా మార్చే ఎక్స్ఛేంజ్ దగ్గరున్న గుర్తింపు పత్రాల్లో. రిటైరైన మనిషికి అవి చూసే అధికారం లేదు. అందుకే ఆయన మనుషుల వైపు తిరగాలి.

దారి మోసగాళ్లే చూపిస్తారు. ఒకసారి మోసపోయినవాళ్ల జాబితాలు చేతులు మారతాయి. 'మీ డబ్బు రాబడతాం, ముందు ఫీజు కట్టండి' అంటూ మళ్లీ ఫోన్ వస్తుంది. దాన్ని ఆయన ఎత్తాలి, మతిమరుపు ముసలాయనగా. ఆ వేషానికి పెద్ద కట్టుకథ అక్కర్లేదు. పదిసార్లు అడిగినా ఒకేలా చెప్పగలిగేంత చిన్నది చాలు. ఈ ఫోన్ సంభాషణలకు ఎన్ని పేజీలైనా ఇవ్వండి, నాకైతే కథలో అసలు రుచి ఇక్కడే.

తీరా ఆ గొంతు ఎవరిది? అందరూ బందీలు కారు, జీతానికీ కమిషన్‌కీ ఇష్టపడి చేసేవాళ్లూ ఉన్నారు. కానీ మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో సుమారు 1,00,000 మంది నిర్బంధంలో ఆన్‌లైన్ మోసాలు చేస్తుండవచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో అంచనా వేసింది. ఉద్యోగమని రప్పించి, పాస్‌పోర్టు లాక్కుని, టార్గెట్ తప్పితే కొడతారు. మీ కుర్రాణ్ని వీళ్లలో ఒకణ్ని చేయండి.

అప్పుడు హీరో ముందు రెండు దారులుంటాయి. కుర్రాణ్ని బయటికి తేవడం, లేదా ఇంకో నెల అక్కడే ఉంచి పైవాడి క్రిప్టో వాలెట్ వివరాలు రాబట్టడం. ఆయన్ను రెండోదే ఎంచుకోనివ్వండి. ఆ నెలలో కుర్రాడికి ఏం జరిగిందో తర్వాతి అధ్యాయంలో దాచకుండా రాయండి.