పక్క దేశం కెమెరాకు మీ బండి ఎలాంటిదో తెలియదు: జర్మనీ కారుతో బ్రస్సెల్స్, పారిస్, మిలన్, లండన్ వెళ్లేవాళ్ల కోసం

వేసవిలో అమ్మానాన్నలు విజిట్ వీసా మీద వస్తారు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి బ్రస్సెల్స్ నాలుగు గంటలే కదా, పారిస్ ఆరు గంటలే కదా, నలుగురికి ట్రెయిన్ టికెట్లు కొనే బదులు కారులోనే పోదాం అనుకుంటాం. హోటల్ బుక్ చేస్తాం, పులిహోర కలిపి డబ్బాల్లో సర్దుతాం, నాన్న బీపీ మాత్రలు గుర్తుపెట్టుకుని మరీ తీసుకుంటాం. కానీ యూరప్‌లో చాలా ఊళ్లు పొగ ఎక్కువ వదిలే పాత బండ్లను ఆపడానికి కాలుష్యం జోన్లు పెట్టాయి. మనం వెళ్లే ఊళ్లోకి మన బండిని రానిస్తారా లేదా అన్నది మాత్రం చాలామంది చూసుకోరు. నేనూ చూసుకోలేదు. నాది పెట్రోల్ బండి, యూరో 6 (యూరప్ వాళ్ల పొగ ప్రమాణం, అంకె పెరిగేకొద్దీ బండి శుభ్రమైనది అని), అద్దం మీద కాలుష్యం తక్కువని చెప్పే జర్మనీ పచ్చ స్టిక్కర్ కూడా ఉంది, ఇంకేం కావాలి అనుకుని బెల్జియంలో ఒక ఊరికి వెళ్లి రెండు రోజులు తిరిగి వచ్చాను. అమ్మానాన్నలు ఇండియాకి వెళ్లిపోయాక, ఆ ట్రిప్ సంగతే మర్చిపోయాక, పోస్టులో ఒక కవరు వచ్చింది. లోపల మా బండి నంబర్ ప్లేట్ ఫోటో, తేదీ, సమయం, కట్టాల్సిన ఫైన్. బండి పొగ ఎక్కువ వదులుతోందని కాదు, మీ బండిని ముందుగా రిజిస్టర్ చేయలేదు అని. తప్పు నాదే, కట్టేశాను. కానీ పది నిమిషాల పని తెలియక ఎవరూ ఆ డబ్బు పోగొట్టుకోకూడదని ఇదంతా రాస్తున్నాను.

ఇక్కడ అసలు విషయం ఒకటే, అది అర్థమైతే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి. బెల్జియం, లండన్, ఇటలీలో గేటు ఉండదు, ఆపే పోలీసు ఉండడు, కెమెరా నంబర్ ప్లేట్ చదివి తమ దేశం లిస్టులో వెతుకుతుంది. స్థానిక బండి అయితే అది డీజిలా పెట్రోలా, యూరో ఎంత అన్నది ఆ లిస్టులోనే ఉంటుంది. మీ జర్మనీ నంబరు అందులో ఉండదు. బండి ఎంత కొత్తదైనా, చివరికి ఎలక్ట్రిక్ అయినా, ఆ సంగతి మీరు చెబితే తప్ప వాళ్లకి తెలిసే దారి లేదు. అందుకే "నా బండి క్లీన్ కదా" అని ధైర్యంగా వెళ్లినవాళ్లకే ఎక్కువగా ఫైన్ పడటం నేను చూశాను, పాత డీజిల్ ఉన్నవాళ్లు భయంతో ముందే కనుక్కుంటారు. జర్మనీ, ఫ్రాన్స్‌లలో పద్ధతి వేరు, అక్కడ అద్దం మీద స్టిక్కర్ ఉండాలి, మళ్లీ ఒక దేశం స్టిక్కర్ ఇంకో దేశంలో చెల్లదు.

కాబట్టి మ్యాప్ తెరిచే ముందు బండి కాగితం తెరవండి. జర్మనీలో ఫార్‌చైగ్‌షైన్ అంటాం కదా, మడత పెట్టిన ఆ కాగితంలో చూడాల్సిన గడులు నాలుగే. బి అక్షరం పక్కన బండి మొదటిసారి రిజిస్టరైన తేదీ, పి.3 దగ్గర ఇంధనం, వి.9 దగ్గర కాలుష్యం క్లాసు. వి.9 లో 715/2007 అని మొదలయ్యే పొడుగాటి అంకెల వరస కనిపిస్తే కంగారు పడొద్దు, అది యూరో 5, యూరో 6 బండ్లకు వర్తించే యూరోపియన్ నిబంధన నంబరు, దాన్ని బట్టి ఏ క్లాసో తేలకపోతే 14 అని ఉన్న గడి చూడండి, మామూలుగా అక్కడ యూరో 6 అనో యూరో 5 అనో మామూలు మాటల్లో రాసి ఉంటుంది. అదీ లేని పాత కాగితం అయితే తేదీని బట్టి ఒక అంచనాకు రావొచ్చు: కార్లకు సంబంధించి 2006 జనవరి నుంచి యూరో 4, 2011 జనవరి నుంచి యూరో 5, 2015 సెప్టెంబర్ నుంచి యూరో 6 తప్పనిసరి అయ్యాయి. ఆ కాగితాన్ని రెండు వైపులా వెలుతురులో, నీడ పడకుండా ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి, ఈ రిజిస్ట్రేషన్లలో చాలాచోట్ల అదే అప్‌లోడ్ చేయమంటారు. మసగ్గా ఉంటే వెనక్కి పంపుతారు, వారం పోతుంది.

ముందు బెల్జియం. బ్రస్సెల్స్‌లో 2018 నుంచి, ఆంట్వెర్ప్‌లో 2017 నుంచి, ఘెంట్‌లో 2020 నుంచి ఈ జోన్లు ఉన్నాయి. స్టిక్కర్ లేదు, అంతా కెమెరానే. జర్మనీ నంబరుతో వెళ్లేవాళ్లు ముందుగా ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకోవాలి, దానికి డబ్బేమీ తీసుకోరు. ఇక్కడే ఒక చిక్కుంది: బ్రస్సెల్స్‌కి ఒక సైటు, ఆంట్వెర్ప్, ఘెంట్‌లకు వేరే, ఒకచోట చేసింది ఇంకోచోట పనికిరాదు. మూడు ఊళ్లూ చూడాలనుకుంటే ఏదీ వదలకుండా చేయండి. బ్రస్సెల్స్‌లో అనుమతి లేని బండితో వెళ్తే ఫైన్ పడుతుంది, అనుమతి ఉన్న బండే అయినా రిజిస్టర్ చేయకపోతే 150 యూరోలు. బండి పాతదైతే బ్రస్సెల్స్‌లో డే పాస్ కొనుక్కోవచ్చు, కానీ ఏడాదికి ఇన్ని రోజులే అని పరిమితి ఉంటుంది. యూరో 5 డీజిల్ ఉన్నవాళ్లు మాత్రం ఆ సైటులో మీ బండి వివరాలు కొట్టి ఏం చెబుతుందో చూశాకే కదలండి, దాని గడువును ముందుకీ వెనక్కీ జరిపారు, పోయినేడు వెళ్లొచ్చిన స్నేహితుడు చెప్పిన మాట మీద నమ్మకం పెట్టుకోవద్దు. బ్రస్సెల్స్ జోన్‌లో మొత్తం 19 మున్సిపాలిటీలూ ఉన్నాయి, బయటి రింగ్ రోడ్డు మాత్రం అందులో లేదు. అంటే ఆమ్‌స్టర్‌డామ్‌కో లిల్‌కో పోతూ రింగ్ మీదుగా దాటేసేవాళ్లకి ఈ గొడవ లేదు, కానీ "కాస్త పెట్రోల్ కొట్టిద్దాం" అని రింగ్ దిగి ఊళ్లోకి వస్తే ఉంది.

ఫ్రాన్స్‌లో క్రిటేర్ అనే గుండ్రటి స్టిక్కర్. సున్నా నుంచి ఐదు దాకా నంబర్లు, నంబరు పెరిగేకొద్దీ బండి మురికిది అని. యూరో 5, 6 పెట్రోల్‌కి 1 వస్తుంది, యూరో 5, 6 డీజిల్‌కి 2. జర్మనీ అడ్రసుకి పోస్టుతో కలిపి సుమారు 5 యూరోలు. ఇది గట్టిగా చెబుతున్నాను, గూగుల్‌లో వెతికితే పైన ప్రకటనల్లో కనిపించే సైట్లు అదే స్టిక్కర్‌కి 20, 30 యూరోలు అడుగుతాయి. వెబ్ అడ్రస్ చివర గౌవ్ డాట్ ఎఫ్ఆర్ (gouv.fr) అని ఉంటేనే అది ఫ్రాన్స్ ప్రభుత్వం సైటు, లేకపోతే మూసేయండి. స్టిక్కర్ పోస్టులో వస్తుంది కాబట్టి నెల ముందే ఆర్డర్ పెట్టండి, ఈమెయిల్‌లో వచ్చే రసీదు ప్రింట్ తీసి డాష్‌బోర్డులో ఉంచుకోండి. స్టిక్కర్ లేకపోతే కారుకి 68 యూరోల ఫైన్. పారిస్ చుట్టూ ఏ86 రింగ్ లోపల 2025 జనవరి నుంచి క్రిటేర్ 3 బండ్లకు కూడా పనిరోజుల్లో ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు ప్రవేశం లేదని పెట్టారు. అయితే 2025 మేలో ఫ్రాన్స్ జాతీయ అసెంబ్లీ ఈ జోన్లనే ఎత్తేయాలని ఓటు వేసింది, రాజకీయంగా పెద్ద రగడ నడిచింది, కాబట్టి బయల్దేరే వారం తాజా పరిస్థితి ఒకసారి చూసుకోండి. ఏదేమైనా స్టిక్కర్ ఒకసారి తీసుకుంటే ఆ బండికి అదే నంబరు ఉన్నంతకాలం పనికొస్తుంది, గాలి బాగా పాడైన రోజుల్లో పెట్టే తాత్కాలిక ఆంక్షలకీ అదే చూస్తారు. 5 యూరోలకు వెనకాడొద్దు.

పారిస్ మధ్యలోకి మాత్రం బండి తీసుకెళ్లొద్దని నా సలహా. 2024 నవంబర్ నుంచి నగరం నడిబొడ్డున మొదటి నాలుగు అరోండిస్మాలలో (పారిస్‌లో వార్డుల్లాంటివి) ఒక చివర నుంచి ఇంకో చివరకు ఊరికే దాటిపోయే వాహనాలను కూడా ఆపేశారు. మెట్రో చివరి స్టేషన్ దగ్గర పార్క్ చేసి మెట్రోలో వెళ్లడమే హాయి, పెద్దవాళ్లు ఉన్నా సరే.

ఇటలీ దగ్గర ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే అక్కడ మనవాళ్లు దెబ్బ తినేది కాలుష్యం జోన్లలో కాదు, జెడ్‌టీఎల్ అనే వాటిలో. అంటే పాత ఊరి మధ్యభాగంలోకి అనుమతి ఉన్న బండ్లు తప్ప ఏవీ రాకూడదు అని, మీది యూరో 6 అయినా సరే. ఫ్లోరెన్స్, పీసా, రోమ్, బొలోన్యా, ఇలా పేరున్న ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. వీధి మొదట్లో తెల్లటి బోర్డు మీద ఎర్ర వలయం, కింద గంటలు, పక్కనే వెలిగే అక్షరాల బోర్డు. ఆ బోర్డు మీద "వార్కో అత్తీవో" అని వెలుగుతుంటే వెళ్లకూడదు. చాలామంది అత్తీవో అంటే ఆక్టివ్, అంటే దారి తెరిచి ఉంది అనుకుని నేరుగా వెళ్లిపోతారు. యాక్టివ్‌గా ఉన్నది దారి కాదు, కెమెరా! "వార్కో నాన్ అత్తీవో" అని ఉంటేనే వెళ్లొచ్చు. నావిగేషన్ చెప్పింది కదా అని తిరగొద్దు, అది మిమ్మల్ని సరిగ్గా జోన్ మధ్యలోకి తీసుకెళ్లగలదు. పొరపాటున దారి తప్పి వెళ్లినా ఫైన్ పడొచ్చు. హోటల్ జోన్ లోపల ఉంటే బుక్ చేసిన రోజే ఈమెయిల్ పెట్టి మీ నంబర్ ప్లేట్ ఇవ్వండి, చాలా హోటళ్లు దాన్ని మున్సిపాలిటీ లిస్టులో ఎక్కిస్తాయి, ఎక్కించినట్టు రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. రిసెప్షన్‌లో నోటిమాటగా "పర్లేదు రండి" అంటే అది చాలదు.

మిలన్‌లో రెండూ ఉన్నాయి. దాదాపు ఊరంతా కప్పే ఏరియా బి కాలుష్యం జోను, మధ్యలో ఏరియా సి. సి లోకి పనిరోజుల్లో ఉదయం 7:30 నుంచి సాయంత్రం 7:30 మధ్య వెళ్తే 7.50 యూరోల టికెట్. శని, ఆదివారాల్లో ఏరియా సి పనిచేయదు కాబట్టి వీలైతే మిలన్‌ని వారాంతంలో పెట్టుకోండి.

లండన్‌లో మనవాళ్లు బోలెడు మంది, ఈస్ట్‌హామ్‌లోనో హౌన్స్లోలోనో చుట్టాలింటికి సొరంగం ట్రెయిన్ మీద కారు ఎక్కించుకుని వెళ్లేవాళ్లూ ఉన్నారు. 2023 ఆగస్టు 29 నుంచి యూలెజ్ అనే అక్కడి కాలుష్యం జోన్ అన్ని బరోలకూ, అంటే లండన్ మొత్తానికీ వచ్చేసింది, హీత్రో ఎయిర్‌పోర్ట్ కూడా లోపలే. పెట్రోల్ అయితే యూరో 4, డీజిల్ అయితే యూరో 6 ఉండాలి, లేకపోతే రోజుకి 12.50 పౌండ్లు, క్రిస్మస్ రోజు తప్ప ఏడాదంతా, పగలూ రాత్రీ. లెక్క అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి, రాత్రి పదకొండున్నరకు వచ్చి పన్నెండున్నర దాకా బండి నడిపితే రెండు రోజుల డబ్బు. బండి సరిపోయేదే అయినా విదేశీ నంబరు కాబట్టి ముందుగా రిజిస్టర్ చేసి వాళ్ల ఒప్పుదల వచ్చేదాకా ఆగాలి, రెండు మూడు వారాలు ముందు మొదలుపెట్టండి. నగరం మధ్యలో కంజెషన్ చార్జ్ అని ట్రాఫిక్ తగ్గించడానికి వేసే రుసుము ఇంకోటి ఉంది, అది దీనికి అదనం.

నెదర్లాండ్స్ సులువు. ఆమ్‌స్టర్‌డామ్, యూట్రెక్ట్ లాంటి చోట్ల పాత డీజిల్ కార్లకే ఆంక్ష, పెట్రోల్ కార్లకు లేదు. ఇక వేరే దేశం నుంచి జర్మనీకి వచ్చే మనవాళ్లకి: ఇక్కడ ఉమ్‌వెల్ట్‌జోన్ (జర్మనీ కాలుష్యం జోన్) ఉన్న ఊళ్లో పచ్చ స్టిక్కర్ కావాలి, ఎలక్ట్రిక్ బండికి కూడా కావాలి, లేకపోతే 100 యూరోలు, పార్క్ చేసి ఉన్నా రాస్తారు. బెర్లిన్‌లో ఎస్‌బాన్ అనే లోకల్ ట్రెయిన్ రింగ్ లోపలంతా ఈ జోనే. హానోవర్ లాంటి కొన్ని ఊళ్లు ఎత్తేశాయి కూడా.

అద్దె కారైతే నంబరు చేతికొచ్చేది తాళాలు ఇచ్చినప్పుడే. కౌంటర్ దగ్గరే ఫలానా దేశానికి వెళ్తున్నాం, అక్కడి స్టిక్కర్ ఉందా అని అడగండి, గ్లవ్ బాక్స్‌లో బండి కాగితం ఉందో లేదో చూసి, దాని ఫోటోతో అక్కడే కూర్చుని రిజిస్ట్రేషన్ చేసుకోండి. ఫైన్ పడితే మీ పేరూ అడ్రసూ అధికారులకు ఇచ్చినందుకు అద్దె కంపెనీ తన చార్జీ విడిగా మీ కార్డు మీద వేస్తుంది, అసలు ఫైన్ ఆ తర్వాత ఎప్పుడో ఇంటికొస్తుంది.

బండికి కొత్త నంబరు వేయించుకుంటే, ఊరు మారినందుకైనా సరే, పచ్చ స్టిక్కర్, క్రిటేర్, బ్రస్సెల్స్, లండన్ రిజిస్ట్రేషన్లు అన్నీ మళ్లీ చేయాలి, ఎందుకంటే అవి బండికి కాదు, నంబరుకి ఇచ్చినవి. వచ్చిన కన్ఫర్మేషన్ ఈమెయిళ్లు, హోటల్ జవాబు, పార్కింగ్ రసీదులు, అన్నీ ఫోన్‌లో ఒకే ఫోల్డర్‌లో పెట్టండి. ట్రిప్ అయిపోయింది కదా అని డిలీట్ చేయొద్దు. ఇటలీ నుంచి విదేశీ బండి యజమానికి నోటీసు పంపడానికి వాళ్లకి 360 రోజుల గడువు ఉంటుంది, ఆ కవరు వచ్చిన రోజు మీ చేతిలో ఉండేది ఆ ఫోల్డరే.