ట్యూనుకు మాట కట్టేటప్పుడు

ట్యూను ముందు పుట్టి మాట వెనక వచ్చే పాటల్లో చాలాసార్లు చెడేది భావం కాదు, మాత్ర (అక్షరం పలకడానికి పట్టే కాలం కొలత). అందుకే మాటలు వెతక్కముందే ట్యూనును ‘తన’ల్లోకి దింపి రాసుకోవాలి. పొట్టి స్వరానికి త, పొడుగు స్వరానికి తా. ఫోన్లో మెట్రోనోమ్ (లయ దెబ్బలు కొట్టే యాప్) నిమిషానికి 100 దెబ్బలకు పెట్టి చప్పట్లు వేయండి. ట్యూను నడకకు తకధిమి సరిపోతే చతురశ్రం (నాలుగేసి మాత్రలు), తకిట అయితే తిశ్రం (మూడేసి), తకతకిట అయితే ఖండం (ఐదేసి). చతురశ్రంలో దెబ్బకు 2 మాత్రల చొప్పున 4 దెబ్బల బారుకు 8, రెండు బార్ల పంక్తికి 16.

రేవులొ పడవకు తాడే లేదా
నీవే కదలితె తీరం రాదా

లఘువుకు (పొట్టి అక్షరం) 1, గురువుకు (పొడుగు అక్షరం) 2 వేసి చూడండి: రెండు పంక్తులూ 4+4+4+4. రెండో అక్షరం ‘వ’ ప్రాస, చివర లేదా–రాదా అంత్యప్రాస. ‘రేవులో’ను ‘రేవులొ’, ‘కదలితే’ను ‘కదలితె’ చేయడం పాటలో చెల్లుతుంది. పాటంతా ఇదే చేస్తే కుంటుతుంది.

స్వీడన్ పాటల రచయిత మ్యాక్స్ మార్టిన్ జోడీ పంక్తుల్లో అక్షరాల లెక్క తప్పనివ్వడని పేరు. అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ 2014 ఆల్బమ్‌లో ఆయన చెయ్యి చాలా ఉంది. ఆ లెక్క తెలుగుకు చాలదు. ‘కల’ రెండక్షరాలే, ‘కాలం’ రెండక్షరాలే. మాత్రలు 2, 4. పొడుగు స్వరం మీద ‘వల’ పెడితే ‘వాల’ అని వినబడుతుంది, ‘గడి’ని నొక్కితే ‘గడ్డి’ అవుతుంది. గాయకుణ్ణి తిట్టి లాభం లేదు, తప్పు రాతలోదే.

విరుపు ఇంకో గండం. ‘రాకుమారి’ మధ్యలో ఊపిరి పడితే ‘రాకు... మారి’. పిలిచిన పిల్లనే పొమ్మన్నట్టు! రాసింది మీరే పాడి ఫోన్లో రికార్డు చేసి, పాట తెలియని మనిషికి వినిపించండి. ఏం వినబడిందో తిరిగి చెప్పమనండి. తప్పు విన్న మాటల కింద గీత గీసి, వాటినే మార్చండి.

పల్లవిలో పదేపదే వచ్చే మాట చిన్నదిగా ఉండాలి, పంక్తి మొదట్లోనో చివర్లోనో పడాలి. నడుమ పడితే మరుగునపడుతుంది. ఎత్తు స్వరం మీద ఆ, ఓ ఉన్న మాట పెట్టండి. ఈ, ఊ అక్కడ గొంతు బిగిస్తాయి. మైకుకు జానెడు దూరంలో నిలబడి కాస్త పక్కకు తిరిగి పాడితే ప, భ పేలవు.

పంక్తి చివర గోదారి యాసలో ‘ఆయ్’ తగిలిస్తే గోదారి పాట అయిపోదు. నరసాపురం రేవులో పంటు (జనాన్ని ఏరు దాటించే పెద్ద పడవ), బోదెలో (పొలం కాలువలో) నీళ్లు, కొబ్బరి దింపు, వరదల నెలల్లో ఎర్రనీరు: ఇలాంటి ఒక్క వస్తువును పట్టుకుని చరణం అంతా దాని చుట్టూ తిప్పండి. పాటకు రెండు చాలు. పది కుక్కితే జాబితా అవుతుంది. చరణం ఆఖరి పంక్తి పల్లవి మొదటి మాటను అడుగుతున్నట్టు ముగియాలి.

విడుదలకు ముందే కాగితం పని. మాటలు ఎవరివి, వరస (ట్యూను) ఎవరిది, ఎవరికెంత శాతం అన్నది రాసి అందరూ సంతకాలు పెట్టండి. మాటా వరసా ఒక హక్కు, రికార్డింగ్ వేరే హక్కు. స్విఫ్ట్ మొదటి 6 ఆల్బమ్‌ల రికార్డింగులు 2019లో వేరేవాళ్ల చేతికి పోయాయి. పాటలు రాసిన హక్కు తనదగ్గరే ఉంది కాబట్టే 2021 నుంచి నాలుగింటిని మళ్లీ పాడి విడుదల చేయగలిగింది. 2025లో అసలువి కొనుక్కుంది. మన దగ్గర 2012 కాపీరైట్ సవరణ ప్రకారం గేయ రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను వారసులకో, ఐపీఆర్‌ఎస్ లాంటి కాపీరైట్ సొసైటీకో (రాయల్టీలు వసూలు చేసి పంచే సంఘం) తప్ప ఎవరికీ రాసివ్వలేరు. ‘అన్ని హక్కులూ మావే’ అన్న కాగితం ముందుకొస్తే ఆ వాక్యం దగ్గర ఆగి అడగండి.