బరంపురం సదస్సుకు వచ్చే తెలుగువాళ్లకు

ముందు టికెట్టు తీసి స్టేషన్ పేరు చూసుకోండి. మీ ఆహ్వానపత్రంలో బెర్హంపూర్ అని ఉంటుంది, ఒడిశాలోని ఈ ఊరిని మనం బరంపురం అంటాం, రైల్వేవాళ్ల బోర్డు మీద బ్రహ్మపూర్ అని ఉంటుంది. కోడ్ బీఏఎం. పశ్చిమ బెంగాల్ ముర్షిదాబాద్ జిల్లాలో ఇంచుమించు ఇదే పేరుతో ఇంకో ఊరుంది. అక్కడి స్టేషన్ బహరంపూర్ కోర్ట్, కోడ్ బీపీసీ. కొన్నేళ్ల కిందట ఒకమ్మాయి, మొదటిసారి పత్రం చదవబోతోంది పాపం, హౌరా మీదుగా వెళ్లి ఆ ఊళ్లో దిగింది. "ఆంటీ, స్టేషన్ బయట ఉన్నాను, మీరెక్కడ?" అని ఫోన్ చేసింది. నేనేమో ఇక్కడి ప్లాట్‌ఫారం మీద ఆమె పేరు రాసిన అట్టముక్క పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆమె వచ్చేసరికి ఆమె సెషన్ అయిపోయింది. అప్పట్నుంచీ ఎవరొస్తున్నారన్నా నేను మొదట అడిగేది ఆ కోడే.

మాది కోర్టుపేట. మా ఆయన ఉద్యోగం చేసినన్నాళ్లూ, ఆ తర్వాతా, సదస్సులకొచ్చే తెలుగు అతిథుల్ని స్టేషన్‌లో కలుసుకోవడం, ఊరు చూపించడం నా పనిగా పెట్టుకున్నాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రమయ్యేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోదే. రాష్ట్రపతిగా చేసిన వి.వి.గిరి గారు 1894లో పుట్టింది ఇక్కడే. పెద్దబజారులో ఇప్పటికీ తెలుగులో బేరమాడొచ్చు. కాబట్టి ఒడియా రాదే అని బెంగపడకండి. అయినా రెండు మాటలు నేర్చుకుని రండి: "కేతే" అంటే ఎంత, "కొవుఠి" అంటే ఎక్కడ. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు "ఆజ్ఞా" అని కలపండి. ఆ ఒక్క మాటకి మీకు దారి చెప్పేవాళ్లు మీతో నాలుగడుగులు నడిచి మరీ చూపిస్తారు.

సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా, విశాఖ ఎక్స్‌ప్రెస్, చెన్నై నుంచి కోరమాండల్, బెంగళూరు నుంచి ప్రశాంతి, అన్నీ ఇక్కడ ఆగుతాయి. విశాఖ నుంచి భువనేశ్వర్ వెళ్లే వందే భారత్ కూడా 2024 నుంచి ఆగుతోంది. విశాఖ నుంచి దూరం 277 కిలోమీటర్లు. దక్షిణం నుంచి వచ్చేవాళ్లు ఇచ్ఛాపురం రాగానే లేచి సామాను సర్దుకోండి, అక్కణ్నుంచి పాతిక కిలోమీటర్లే. విమానంలో అయితే భువనేశ్వర్‌లో దిగాలి. అక్కణ్నుంచి సుమారు 170 కిలోమీటర్లు, రైలే సుఖం.

బస ఎక్కడ అన్నది సదస్సు జరిగే చోటును బట్టి చూసుకోండి. విశ్వవిద్యాలయం ఉన్న భంజ విహార్ ఊరి మధ్య లేదు, సముద్రం ఒడ్డున ఉన్న గోపాల్‌పూర్‌కి వెళ్లే దారిలో, స్టేషన్‌కి సుమారు పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. ఒడియా మహాకవి ఉపేంద్ర భంజ పేరు పెట్టారు. అక్కడ సభ అయితే గోపాల్‌పూర్‌లో బస చేస్తే దగ్గర. ఎమ్‌కేసీజీ వైద్య కళాశాలలో సదస్సంటే ఊళ్లోనే గది తీసుకోండి. గోపాల్‌పూర్‌లో పొద్దుపోయాక ఆటో దొరకడం కష్టం, తిరుగు ప్రయాణానికి పగలే మాట్లాడిపెట్టుకోండి.

సముద్రం దగ్గర నా మాట గట్టిగానే ఉంటుంది. గోపాల్‌పూర్‌లో స్నానానికి దిగకండి. ఒడ్డు ఏటవాలు, అల వచ్చినప్పటికంటే వెళ్లేటప్పుడు బలం ఎక్కువ. ఒక సదస్సులో భోజనం వేళ కాస్త ముందు ఒక పెద్దాయన ప్యాంటు మడిచి మోకాళ్ల లోతుకి దిగారు. మేం చూస్తుండగానే అల వెనక్కి తీసి ఆయన్ని కూలేసింది. కళ్లజోడు పోయింది, మనిషి రెండు సార్లు మునిగారు. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న నోలియా కుర్రాడు వల అక్కడే పారేసి దూకి రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు. నోలియాలంటే ఈ తీరంలో చేపలు పట్టే మన తెలుగువాళ్లే. ఆ అబ్బాయి పెద్దాయన్ని కూర్చోబెట్టి, తన మడమ తడి ఇసుకలో గుచ్చి, "సూడండి బాబూ" అన్నాడు. అల వచ్చింది, వెళ్లింది. వెళ్తూ మడమ చుట్టూ ఇసుకను తవ్వుకుపోయింది. ఇంకో అలకి చీలమండ దాకా గుంట పడింది. "కాళ్ల కింద ఇసక జారతన్నప్పుడే ఎనక్కొచ్చీయాల. ఆ తరవాత మన సేతిలో ఉండదు" అన్నాడు. నాకు ఈ సముద్రం పుట్టినప్పట్నుంచీ తెలుసు, ఆ గుంట మాత్రం అంత దగ్గరగా ఆ రోజే చూశాను. నీళ్లలో పాదాలు తడుపుకోవాలని ఉంటే ఒడ్డున ఉన్న నోలియాని "అన్నా" అని పిలిచి, ఎక్కడ నిలబడొచ్చో అడగండి. కూడా ఉండమంటే ఉంటారు. డబ్బులివ్వండి, బేరమాడకండి.

చూడ్డానికి మాత్రం తనివితీరా చూడండి. లైట్‌హౌస్ ఉంది, ఒకప్పుడు రంగూన్ వెళ్లే ఓడలు ఆగిన పాత రేవు మొండిగోడలున్నాయి. మన గంజాం, శ్రీకాకుళం వాళ్లు ఎంతమంది ఇక్కడ ఓడెక్కి బర్మా వెళ్లారో. తెల్లవారుజామున వెళితే తెప్పలు ఒడ్డు చేరడం కనబడుతుంది. డిసెంబరులో సాయంత్రం అయిదు దాటితే చీకటి పడిపోతుంది, సెషన్ అయ్యాక వెళ్దామనుకుంటే ఏమీ కనబడదు. పొద్దున్నే వెళ్లండి.

సదస్సు అక్టోబరులో అయితే తుఫాను సంగతి మరవకండి. 1999 అక్టోబరు 17న ఒకటి, 2013 అక్టోబరు 12న ఫైలిన్, రెండూ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటాయి. 2018లో తిత్లీ పలాస పక్కన దాటింది, అదీ అక్టోబరే. బయల్దేరే ముందు వారం రోజులూ వాతావరణ శాఖ ప్రకటనలు చూస్తూ ఉండండి, రద్దు చేసుకుంటే డబ్బు తిరిగొచ్చే టికెట్టే కొనండి. నవంబరు నెలాఖరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది, పలచటి శాలువా చాలు.

తిండికి ఇబ్బంది లేదు. ఇడ్లీ, వడ మనలాగే దొరుకుతాయి, వడని "బరా" అంటారు. పూరీతో ఉప్మా కలిపి పెడతారు, వింతగా చూడకుండా ఒకసారి తినండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలు వేటకి వెళ్లవు, ఆ రెండు నెలల్లో చేప దొరకడం తక్కువ, ధర ఎక్కువ. ఇంటికి పట్టుకెళ్లడానికి ఇక్కడి ఊరగాయలు, అప్పడాలు, వడియాలు ఒడిశా అంతటా పేరున్నవి.

పట్టుచీర కొనాలనుకునేవాళ్లు అంచు చూడండి. బరంపురం పట్టుకి గుర్తు ఫోడా కుంభ: అంచు, ఒంటి రంగు కలిసే చోట గుడి శిఖరాల్లా వరసగా పైకి లేచే కోణాలు. దీనికి భౌగోళిక గుర్తింపు ఉంది. చీర తిరగేసి చూడండి. నేసిందైతే శిఖరాలు వెనకవైపు కూడా అంతే తేటగా ఉంటాయి. అచ్చు వేసిందైతే వెలిసినట్టు ఉంటాయి. మగవాళ్లకి పంచె, ఉత్తరీయం కలిపి "జోడొ" అని నేస్తారు. నేసే దేరా కుటుంబాలు తెలుగు నేల నుంచి వచ్చినవాళ్లే. ధర గురించి ఎంతైనా అడగండి గానీ, మగ్గం ముందు కూర్చున్నవాళ్లని ఫొటో తీసే ముందు ఒక్క మాట చెప్పి తీయండి.

ఒక రోజు మిగిలితే చిలికా సరస్సు చూడాలని అందరూ అంటారు. రంభ రేవు యాభై కిలోమీటర్లలోపే, పడవెక్కి వెళ్లొచ్చు. చరిత్రవాళ్లకి నేను చెప్పేది జౌగడ. అశోకుడి శాసనాలున్న బండ అది. కళింగ యుద్ధంలో చచ్చిపోయినవాళ్ల లెక్క, రాజు పశ్చాత్తాపం ఉన్న పదమూడో శాసనాన్ని ఇక్కడ చెక్కించలేదు. దాని బదులు ఇక్కడి అధికారులకు వేరే ఆజ్ఞలు చెక్కించాడు. ఓడిపోయినవాళ్ల ఊళ్లో ఆ లెక్క రాయించకపోవడం గురించి అక్కడ నిలబడి ఆలోచించాలి. నీడ తక్కువ, నీళ్లు పట్టుకెళ్లండి.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చేవాళ్లు ఋషికుల్యా నది సముద్రంలో కలిసే చోటు సంగతి కనుక్కోండి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేలాదిగా ఒడ్డెక్కి గుడ్లు పెట్టేది అక్కడే. ఏ రాత్రి వస్తాయో ముందుగా చెప్పలేం, కొన్నేళ్లు అసలు రావు కూడా. అటవీశాఖవాళ్లు పంపిస్తేనే వెళ్లండి. టార్చి వద్దు, ఫోన్ వెలుతురు వద్దు, తెల్లబట్టలు వద్దు. గుడ్లు పెట్టిన నెలన్నర తర్వాత పిల్లలు బయటికొస్తాయి. సముద్రం మీది వెలుగనుకుని ఏ దీపం కనబడితే అటు పాకుతాయి. మా ఇంటికొచ్చిన ఒక అతిథి ఫోన్ జేబులో వెలుగుతున్న సంగతి చూసుకోలేదు. బొటనవేలంత పిల్ల ఒకటి ఆయన బూటు దాకా వచ్చి ఆగింది. ఆయన ఫోన్ ఆపేసి, అది నీళ్లవైపు తిరిగేదాకా కాలు కదపకుండా నిలబడ్డారు.